ప్లగ్ పెట్టినా ఛార్జ్ ఎక్కడం లేదా? బ్యాటరీ కొనే ముందు ఇవి చూడండి

మీ సమస్యను నేను అర్థం చేసుకున్నంత వరకు ఇదీ. ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. పది రోజులుగా ఛార్జర్ పెడితే "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని వస్తోంది. మొదట 41 శాతం దగ్గర ఆగిపోయింది. వైరు తీసి అరగంట వాడితే 22కి దిగింది, ఆ తర్వాత రాత్రంతా పెట్టి ఉంచినా 23 కాలేదు. అప్పటినుంచే సిస్టం కూడా బాగా నెమ్మదించింది. ఒక షాపులో బ్యాటరీ మార్చమన్నారు, ఇంకో షాపులో మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుందన్నారు. మూడు వారాల్లో ప్రాజెక్టు ఇవ్వాలి. కంపెనీ పేరు రాయలేదు గానీ, ఛార్జర్ పిన్ను గుండ్రంగా ఉంటుందని, దాని మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉందని రాశారు.

ముందుగా ఒక పని చేయండమ్మా. వైరు పెట్టి ఉండగానే మీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి, వీలైతే ఆన్‌లైన్‌లోకి కూడా కాపీ చేసుకోండి. మిగిలిన 22 శాతం అయిపోయాక ఛార్జర్ కూడా మొరాయిస్తే ఫైళ్లు తీసుకోవడానికి మళ్లీ షాపు చుట్టూ తిరగాలి. అది అయ్యాకే మిగతాది చదవండి.

రెండో పని, ల్యాప్‌టాప్‌ని మూసి చదునైన బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనుతున్నాయా, ఊగుతోందా చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందా, క్లిక్ గట్టిపడిందా, కింది మూత అతుకు దగ్గర విచ్చుకుందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బ్యాటరీ ఉబ్బిందనే అనుకోవాలి. బ్యాటరీ సెల్ లోపలి ద్రవం విడిపోయి గ్యాస్ అయినప్పుడు అలా ఉబ్బుతుంది. అప్పుడు కింద రాసిన పరీక్షలేవీ వద్దు. ఛార్జర్ తీసేసి, ఆపేసి, నేరుగా సర్వీసుకు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కి సరిచేయాలని చూడకండి, సూదితో గుచ్చి గాలి తీయమని ఎవరైనా చెబితే అస్సలు వినకండి, మంటలు వస్తాయి. దాన్ని చెత్తబుట్టలో వేయడం కూడా తప్పే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కాబట్టి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.

ఉబ్బలేదనుకుని ముందుకు వెళ్తాను.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపినవి రెండు మాటలు. అరగంటలో 41 నుంచి 22కి దిగడం ఒకటి, సిస్టం నెమ్మదించడం ఇంకొకటి. అరగంటకు 19 శాతం అంటే, నిండా ఛార్జ్ ఉంటే రెండున్నర గంటల పైనే నడుస్తుంది. నాలుగేళ్ల బ్యాటరీకి అది మంచి ఆరోగ్యమే. పాతబడిన బ్యాటరీ ఛార్జ్ తీసుకుంటుంది, గబగబా నిండి గబగబా ఖాళీ అవుతుంది. అసలు తీసుకోనే తీసుకోకపోవడం చాలాసార్లు వేరే జబ్బు. షాపుల్లో ఈ రెండింటినీ కలిపేసి "బ్యాటరీ పోయింది" అనేస్తారు. నేనూ ఈ రిపేరు పనిలోకి వచ్చిన కొత్తలో ఒక టైలర్ గారి అబ్బాయికి అలాగే చెప్పి కొత్త బ్యాటరీ వేయించాను. అదీ ఎక్కలేదు. చివరికి చూస్తే ఛార్జర్ గుచ్చే జాక్ దగ్గర సోల్డరింగ్ విడిపోయి ఉంది. ఆ డబ్బు వాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి గోడ సాకెట్ దగ్గర మొదలుపెట్టి కరెంటు నడిచే దారి వెంటే వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఆ దారి ఇలా ఉంటుంది. గోడలోని 230 వోల్టుల కరెంటును అడాప్టర్ 19 లేదా 20 వోల్టుల డీసీగా మారుస్తుంది. అది పిన్ను, జాక్ దాటి బోర్డు మీదికి వస్తుంది. అక్కడ రెండు దారులుగా చీలుతుంది. ఒకటి ల్యాప్‌టాప్‌ను నడపడానికి, రెండోది ఛార్జింగ్ ఐసీ, అంటే ఛార్జింగ్ చూసే చిప్ గుండా బ్యాటరీలోకి. బ్యాటరీలో కూడా ఒక చిన్న సర్క్యూట్ ఉండి సెల్స్ వోల్టేజీ, వేడి చూస్తూ ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ వైరు మీద నడుస్తోంది కాబట్టి మొదటి దారి బాగానే ఉంది. బ్యాటరీ మీద కూడా నడుస్తోంది కాబట్టి సెల్స్ బతికే ఉన్నాయి. ఇబ్బందల్లా ఛార్జ్ చేయడానికి అనుమతి దొరక్కపోవడమే. ఆ అనుమతి ఇచ్చేవాటిలో మొదటిది, మీరు చెప్పిన ఆ సన్నటి సూది.

డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ల గుండ్రటి పిన్నులో బయటి లోహం నెగెటివ్, లోపలి గోడ పాజిటివ్. మధ్యలో సూది కరెంటు మోయదు. అది గుర్తింపు కోసం ఉంటుంది. డెల్ అడాప్టర్‌లో ఒక చిన్న మెమొరీ చిప్ ఉంటుంది. "నేను 65 వాట్ల అడాప్టర్‌ని" అని ఆ సూది ద్వారానే ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్ జాగ్రత్త పడుతుంది. ఇది ఎంత పవర్ ఇవ్వగలదో తెలియదు కాబట్టి బ్యాటరీకి ఛార్జ్ ఆపేసి, ప్రాసెసర్ వేగాన్ని కూడా కిందికి తొక్కి పెడుతుంది. ఛార్జింగ్ ఆగడం, నెమ్మదించడం రెండూ ఒకే రోజున మొదలయ్యాయని మీరు రాయగానే నాకు ఇదే అనిపించింది. వైరు లోపల ఆ గుర్తింపు తీగ అన్నిటికన్నా సన్నగా ఉంటుంది. పిన్ను మెడ దగ్గర వైరు రోజూ వంగి వంగి మొదట తెగేది అదే. మిగతా రెండు తీగలూ బాగుంటాయి కాబట్టి ల్యాప్‌టాప్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి చూసినా 19.5 వోల్టులు చక్కగా చూపిస్తుంది. అందుకే షాపువాళ్లు "ఛార్జర్ బాగుంది" అనేసి ఉంటారు.

దీన్ని రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఛార్జర్ పెట్టి, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఆన్ చేస్తూ ఎఫ్2 మీట వరసగా నొక్కండి. హెచ్‌పీ అయితే ఎఫ్10. బయోస్ అనే సెట్టింగుల పేజీ వస్తుంది. అక్కడ ఏదీ మార్చకండి. బ్యాటరీ సమాచారం ఉన్న చోట చాలా మోడళ్లలో అడాప్టర్ వివరం కూడా ఉంటుంది. 65 వాట్లు, 90 వాట్లు అని కనిపిస్తే గుర్తింపు అందుతోంది. "అన్‌నోన్" అనో "నన్" అనో ఉంటే దొంగ దొరికినట్టే. ఆన్ చేయగానే నల్ల తెర మీద "పవర్ అడాప్టర్ టైప్ కెనాట్ బి డిటర్మిన్డ్" అనే వాక్యం వస్తోందేమో కూడా చూడండి. చాలామంది అది చదవకుండానే ఏదో మీట నొక్కి దాటేస్తారు.

ఇంకో గుర్తు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్ వేగం చూడండి. ఎంత పని చెప్పినా 0.8 గిగాహెర్ట్జ్ లేదా అంతకన్నా కింద ఇరుక్కుపోయి ఉండి, ఛార్జర్ పీకగానే వేగం పెరిగితే నా అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇప్పుడు పిన్నును వెలుతురులో పట్టుకుని చూడండి. సూది వంగిందా, విరిగి జాక్‌లోనే ఉండిపోయిందా? జాక్‌లో దూది, దుమ్ము చేరిందా? ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ గోడ దగ్గర కూడా తీసేసి, పొడి చీపురుపుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు, గుండుసూది పెట్టకండి. ఇంట్లో మల్టీమీటర్ ఉన్న అన్నయ్యలెవరైనా కొలుస్తామంటే ఒక మాట చెప్పండి: కొలిచే ముల్లు ఒకేసారి లోపలి గోడకూ, మధ్య సూదికీ తగిలితే 19 వోల్టులు గుర్తింపు చిప్‌లోకి వెళ్లి అది కాలిపోతుంది. బాగున్న ఛార్జర్‌ను అలా చేజేతులా పాడుచేసినవాళ్లను చూశాను.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష మాత్రం ఇంకో ఛార్జర్. మీ క్లాసులో అదే కంపెనీ, అదే సైజు పిన్ను ఉన్న ల్యాప్‌టాప్ ఎవరికో ఒకరికి ఉంటుంది. అడాప్టర్ మీద అచ్చు వేసిన అక్షరాల్లో అవుట్‌పుట్ వోల్టులు మీదానితో సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానం గానీ ఎక్కువ గానీ ఉండాలి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65 వాట్లు. 90 వాట్లది పెట్టినా ప్రమాదం లేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. 45 వాట్లది పెడితే మాత్రం కొన్నిసార్లు ఎక్కదు, ఎక్కినా నత్తనడకే. ఐదు నిమిషాలు ఆ ఛార్జర్ పెడితే 22 కాస్తా 23, 24 అయిందనుకోండి, మీ టెన్షన్ తీరినట్టే. కొత్త ఛార్జర్ కొనుక్కుంటే చాలు.

వేరే ఛార్జర్‌తో కూడా అదే మాట వస్తే జాక్ మీద అనుమానం. పిన్ను గుచ్చాక అటూ ఇటూ మెల్లగా కదిపినప్పుడు ఛార్జింగ్ లైటు వెలిగి ఆరుతుంటే జాక్ వదులైంది. చాలా మోడళ్లలో ఈ జాక్ చిన్న వైరుతో విడిగా వస్తుంది, బోర్డుకు గుచ్చి ఉంటుంది. మార్చడానికి కొన్ని వందల రూపాయలకు మించదు. కొన్నిటిలో నేరుగా బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటుంది, అప్పుడు కాస్త చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. ల్యాప్‌టాప్‌ను పడుకుని ఒళ్లో పెట్టుకుని వాడేటప్పుడు పిన్ను మంచానికి ఒత్తుకుంటుంది చూశారా, జాకులు వదులయ్యేది ఎక్కువగా అలాగే.

ఇక ఖర్చు లేని ఇంకో చిట్కా. ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్ ఆపి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. బోర్డు మీద ఛార్జింగ్ వ్యవహారం చూసే చిన్న కంట్రోలర్ ఒక్కోసారి తికమకపడి ఆగిపోతుంది. కరెంటు ఎక్కువ తక్కువ అయినప్పుడు, ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను. ఈ పనితో అది మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. కొన్ని లెనోవో, ఏసర్ మోడళ్ల అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది, పేపర్ క్లిప్ కొనతో దాన్ని నొక్కితే ఇదే పని అవుతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌కి వెళ్లి బ్యాటరీస్ కింద ఉన్న "ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ"ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయమని కూడా అందరూ చెబుతారు. చేయండి, నష్టం లేదు, డ్రైవర్ దానంతటదే తిరిగి వస్తుంది. కానీ దానితో బాగైనవి నా చేతికి వచ్చినవాటిలో తక్కువే. బయోస్ అప్‌డేట్ మాత్రం ఇప్పుడు వద్దు. మధ్యలో పవర్ పోతే బోర్డు నిజంగానే చచ్చిపోతుంది, అప్పుడు ఆ షాపతను చెప్పిన తొమ్మిది వేలు నిజమవుతాయి.

ఇదే సమస్యతో వచ్చే మిగతావాళ్ల కోసం ఒక మాట. మీ బ్యాటరీ 60 దగ్గరో 80 దగ్గరో ఆగిపోతుంటే అది చాలాసార్లు జబ్బే కాదు. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్, హెచ్‌పీ బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్ ఇలా కావాలనే ఆపుతాయి. లిథియం సెల్‌ను ఎప్పుడూ 4.2 వోల్టుల దాకా నింపి ఉంచితే త్వరగా ముసలిదవుతుంది, అందుకే ఈ ఏర్పాటు. రోజంతా వైరు మీదే వాడేవాళ్లు దాన్ని అలాగే ఉంచుకోవడం మంచిది. మీరు 22 దగ్గర ఉన్నారు కాబట్టి మీకిది వర్తించదు.

ఎండాకాలం కేసు ఒకటి వేరేగా చెప్పాలి. ఒక లెక్చరర్ గారు మే నెలలో వచ్చారు. ఆయన ల్యాప్‌టాప్ పొద్దున ఛార్జ్ అవుతుంది, మధ్యాహ్నం అవదు. మా దగ్గర ఎప్పుడు పెట్టినా ఎక్కుతోంది. రెండుసార్లు వెనక్కి పంపాం. మూడోసారి ఆయన ఎక్కడ కూర్చుని వాడతారో అడిగాను. పై అంతస్తు గది, పైన స్లాబు, మంచం మీద దుప్పటి, దాని మీద ల్యాప్‌టాప్. బయట 43 డిగ్రీలు. గాలి వెళ్లే సందులు దుప్పటిలో మూసుకుపోయి బ్యాటరీ ఇంకా వేడెక్కుతోంది. లిథియం సెల్స్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయనివ్వరు, లోపలి సెన్సర్ ఆపేస్తుంది. బల్ల మీద పెట్టి ఫ్యాన్ కింద వాడమన్నాను. ఆ వేసవి గడిచిపోయింది, మళ్లీ రాలేదు. చల్లబడాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పట్టి బోర్డు పాడవుతుంది.

టైప్ సీ ఛార్జర్ వాళ్లది ఇంకో కథ. పిన్ను పట్టినంత మాత్రాన ఏ ఫోన్ ఛార్జర్ పడితే అది పనిచేయదు. ల్యాప్‌టాప్‌కి సాధారణంగా 20 వోల్టులు కావాలి, ఛార్జర్‌లో పవర్ డెలివరీ అనే ఏర్పాటు ఉండాలి. మామూలు టైప్ సీ కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది, అంటే 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. ఛార్జర్ మార్చే ముందు కేబుల్ మార్చి చూడండి, పక్క పోర్టులోనూ పెట్టి చూడండి. కొన్ని పోర్టులు డేటాకే పనికొస్తాయి.

ఇక బ్యాటరీ పరీక్ష. బ్యాటరీ కొనమని ఎవరు చెప్పినా ఇది చూడకుండా కొనకండి. స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అనే ఇంగ్లిష్ మాట, దానికి ఆనించి సి, ఎఫ్, జి అక్షరాలు, ఒక ఖాళీ, ముందుకు వాలిన స్లాష్ గీత, దానికి ఆనించి బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. రిపోర్టు ఏ ఫోల్డర్‌లో దాచిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. కొత్తప్పుడు 42,000, ఇప్పుడు 29,000 ఉంటే దాదాపు 69 శాతం మిగిలిందని. అది ఇంకా వాడుకోదగ్గదే. సగం కన్నా తగ్గితే మార్చుకునే ఆలోచన చేయొచ్చు. సైకిల్ కౌంట్ (బ్యాటరీ మొత్తం ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో ఆ లెక్క) 300 నుంచి 500 దాటాక చాలా బ్యాటరీలు నెమ్మదిగా తగ్గుతాయి. రిపోర్టులో బ్యాటరీ వివరాలే కనిపించకపోతే, లోపల బ్యాటరీ కనెక్టర్ వదులైందేమో చూడాలి. ల్యాప్‌టాప్ కింద పడిన తర్వాత ఇలా అవుతుంది.

సెలవులకు బీరువాలో పెట్టి నాలుగైదు నెలల తర్వాత తీసినవి కూడా ఛార్జ్ ఎక్కవు. సెల్స్ బాగా కిందికి జారిపోతే, బ్యాటరీ సర్క్యూట్ మొదట చాలా తక్కువ కరెంటుతో నెమ్మదిగా లేపుతుంది. ఆ సేపు సున్నా శాతమే కనిపిస్తుంది. కొన్ని గంటలు వదిలేయండి. ఒక రాత్రికి కూడా కదలకపోతే దాని కథ అయిపోయినట్టే. సెల్స్‌కు నేరుగా వైర్లు పెట్టి "లేపుతాం" అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. అంత లోతుకు పోయిన సెల్ లోపల రాగి కరిగి, ఛార్జ్ చేసేటప్పుడు మళ్లీ పేరుకుని లోలోపలే షార్ట్ అయ్యే ప్రమాదముంది. సర్క్యూట్ దాన్ని ఆపేసింది మన మంచికే.

కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే మోడల్ పేరు చూసి కాదు, పాత బ్యాటరీ మీద ఉన్న పార్ట్ నంబరు చూసి కొనండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల బ్యాటరీలు వస్తాయి. తయారీ తేదీ చూడండి, షెల్ఫ్‌లో రెండేళ్లు పడి ఉన్నది కొత్తది కాదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితో ఐఎస్ 16046 నంబరు ఉండాలి. మరీ చవకగా ఇస్తూ, అసలు దానికన్నా ఎక్కువ కెపాసిటీ అని రాసి ఉంటే నేను ముట్టుకోను.

వేరే ఛార్జర్‌తో ఎక్కలేదు, జాక్ బాగుంది, బ్యాటరీ రిపోర్టు కూడా బాగుంది అంటే అప్పుడే బోర్డు మాట ఎత్తాలి. అక్కడ కూడా బోర్డు మొత్తం మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఛార్జింగ్ ఐసీ, దాని పక్కన ఉండే మాస్‌ఫెట్లు (కరెంటును వదిలి ఆపే చిన్న స్విచ్చులు), లేదా ఆ గుర్తింపు సూది వచ్చి చేరే లైను పోయి ఉంటాయి. చిప్ లెవెల్ పని చేసేవాళ్లు ఆ ఒక్క ముక్క మారుస్తారు. మీరున్న ఊళ్లో లేకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వైపు అలాంటివాళ్లు దొరుకుతారు. ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: "ఏ పార్టు పోయింది? మీటరు పెట్టి నాకు చూపిస్తారా?" నిజంగా పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. చూపించకుండా "బోర్డు పోయింది" అనే ఒక్క మాటే చెబితే ఛార్జర్, ల్యాప్‌టాప్ రెండూ తీసుకుని వచ్చేయండి.

ఈ రాత్రికి మీరు చేయాల్సింది ఫైళ్ల కాపీ, 30 సెకన్ల పవర్ బటన్, బయోస్‌లో అడాప్టర్ వివరం. రేపు కాలేజీలో స్నేహితురాలి ఛార్జర్ ఐదు నిమిషాలు. బయోస్‌లో అడాప్టర్ ఎదురుగా ఏముందో, వేరే ఛార్జర్‌తో శాతం కదిలిందో లేదో రాయండి. అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్ల అంకెలు కూడా రాస్తే, కొనాల్సి వచ్చినప్పుడు ఏది సరిపోతుందో చెబుతాను.